ఉచితమైనదంతా ఉచితమేనా?

మా చిన్నాయన సిరిసిల్ల నుంచి సూరత్ వెళ్లినప్పుడు నేను బడికి కూడా పోవడం లేదు. ఆ రోజుల్లో మా వైపు నుంచి సూరత్ వెళ్లేవాళ్లందరూ వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారు. ఒకరు వెళ్తే ఆ వెనుక నలుగురు. అలా వెళ్లిన నేత కుటుంబాలతో లింబాయత్ ప్రాంతంలో కొన్ని వీధులు మన ఊరి వీధుల్లాగే ఉంటాయి. గడపకు పసుపు, గోడకు తెలుగు క్యాలెండరు, వీధి చివర సాంచాల చప్పుడు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే అక్కడ మనవారు ఎందరున్నారో మీరే ఊహించుకోవచ్చు.

చిన్నాయన సాంచా మీద నిలబడి పన్నెండు గంటల పాళీ చేసేవాడు. ఆయన కొడుకు, అంటే నా తమ్ముడు, మగ్గం మీదికి పోలేదు. అదే వీధిలో ఒక షెడ్డులో లెక్కలు రాసే పనికి కుదిరాడు. అక్కడ లెక్కలు రాసేవాణ్ణి మెహతాజీ అంటారు. ఒక్కో కారీగర్ రోజుకు ఎన్ని మీటర్లు నేశాడు, ఎన్ని తాకాలు దించాడు, మీటరుకు ఎన్ని పైసలు, అడ్వాన్సు కింద ఎంత తీసుకున్నాడు, ఇదంతా రాసిపెట్టి పదిహేను రోజులకొకసారి పగారు లెక్క తేల్చాలి. తాకా అంటే నూరు మీటర్లకు అటూ ఇటూగా ఉండే బట్ట చుట్ట. నేతగానికి నెలజీతం లేదు. నేసిన మీటరే జీతం. కాబట్టి ఆ లెక్క పోతే జీతం పోయినట్టే.

2015 అక్టోబరు చివర తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, కంప్యూటర్ శాన మెల్లగ నడుస్తున్నది. ఏం జెయ్యాలె?"

నేను అప్పుడు ఒక పాఠం ప్రూఫులు దిద్దుతున్నాను. ప్రూఫుల మీది నుంచి కళ్లెత్తకుండానే, "ఏదైనా ఫ్రీ క్లీనర్ వేసుకోరా, బోలెడు దొరుకుతాయి" అన్నాను. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం రాయాలంటే నాలుగు చోట్ల సరిచూసుకునే నేను, తమ్ముడికి మాత్రం సరిచూడకుండా ఒక వాక్యం ఇచ్చేశాను.

వాడు ఇంటర్నెట్‌లో వెతికాడు. ఒక పుట తెరుచుకుంది. దాని మీద 'డౌన్‌లోడ్' అని రాసిన పచ్చటి మీటలు మూడు ఉన్నాయట. అన్నింటికన్నా పెద్దది నొక్కాడు. ఎవరైనా అదే నొక్కుతారు. తర్వాత తెలిసింది, అది ఆ పుటలో అద్దెకు దిగిన ప్రకటన అని. దిగినది కంప్యూటర్‌ను పరీక్షించినట్టు నటించి, వందల తప్పులు ఉన్నాయని ఎర్ర అక్షరాలతో చూపించింది. కొన్నింటిని ఉచితంగా సరిచేస్తానంది, మిగతావాటికి డబ్బు కట్టమంది. వాడు డబ్బు కట్టలేదు, ఉచితంగా వచ్చేవాటికి మాత్రం 'సరే' అన్నాడు. మర్నాడు పొద్దున యంత్రం తెరుచుకోలేదు.

దీపావళి పన్నెండు రోజుల్లో ఉంది. సూరత్‌లో దీపావళికి సాంచాలు ఆగుతాయి, కారీగర్లు ఊళ్లకు వెళ్తారు. ఏడాది మొత్తం మీద ఆ పగారు కోసమే ఎక్కువ ఎదురుచూస్తారు. తమ్ముడు కంగారుపడి కంప్యూటర్‌ను బజారులో ఒక మెకానిక్ దగ్గరికి మోసుకుపోయాడు. ఆయన, "డేటా డి డ్రైవ్‌లో ఉందిగదా?" అని అడిగాడు. తమ్ముడు ఉందన్నాడు. పాత ఫోటోలు, సినిమాలు అన్నీ నిజంగానే అక్కడున్నాయి. సి డ్రైవ్‌ను చెరిపి విండోస్ కొత్తగా వేసి ఇచ్చారు. అయితే పగారు లెక్కల ఫైలు డెస్క్‌టాప్ మీద ఉంది. తెర మీద కళ్లెదురుగా కనిపించే డెస్క్‌టాప్ సి డ్రైవ్‌లోని ఒక ఫోల్డరేనని వాడికి ఎవరూ చెప్పలేదు. మీలో ఎంతమందికి తెలుసు? ఈ పుస్తకాన్ని ఒక నిమిషం పక్కన పెట్టి, మీ ముఖ్యమైన ఫైళ్లు ఎక్కడున్నాయో చూసి రండి.

నేను సెలవు పెట్టి సూరత్ వెళ్లాను. ఇంట్లో అడుగుపెట్టేసరికి చిన్నమ్మ మంచినీళ్లిచ్చి, "వాడు రెండు దినాలనుంచి సక్కగ అన్నం తినలె బిడ్డా" అంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

మొదట చేసిన మంచిపని ఒకటే: ఆ కంప్యూటర్‌ను వాడటం ఆపేశాం. చెరిపిన ఫైలు వెంటనే మాయం కాదు. దాని చిరునామా మాత్రమే పోతుంది. కొత్తగా మరేదైనా రాసినప్పుడు ఆ చోటు నిండిపోతుంది. అందుకని హార్డ్ డిస్క్‌ను ఊడదీసి, పక్కింటి అబ్బాయి కంప్యూటర్‌కు రెండో డిస్క్‌గా తగిలించి, ఫోటోరెక్ అనే ప్రోగ్రాము నడిపాం. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఫ్రెంచి ప్రోగ్రామరు దాన్ని రాసి అందరికీ వదిలేశాడు. అందమైన కిటికీలు లేవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. తప్పులున్నాయని బెదిరించలేదు, డబ్బూ అడగలేదు. రాత్రంతా నడిచి వేల ఫైళ్లు తెచ్చి పోసింది, అన్నీ పేర్లు పోయి అంకెలతో. వాటిలో మా లెక్కల ఫైలు పాత రూపాలు నాలుగు దొరికాయి. అన్నింటికన్నా కొత్తది ఆరు రోజుల కిందటిది.

దాన్ని తెరిస్తే ఇంకో చిక్కు. కారీగర్లు తమ పేరు చదువుకుని సంతకం పెట్టాలని తమ్ముడు పేర్లన్నీ తెలుగులో కొట్టాడు. అది పాతకాలపు ఫాంటు. ఫాంటు కంప్యూటర్‌తోపాటే పోయింది. ఇప్పుడు పేర్ల స్థానంలో ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ కలగలిసిన పిచ్చిరాత కనిపించింది. అలాంటి ఫాంట్లలో కంప్యూటర్‌కు తెలిసేది 'అ' కాదు, ఏదో ఒక ఇంగ్లీషు గుర్తు. దానికి తెలుగు ముసుగు వేస్తారు, అంతే. ముసుగు పోతే అక్షరమూ పోతుంది. యూనికోడ్‌లో అలా కాదు. అక్కడ 'అ'కు ప్రపంచమంతటా ఒకటే సంఖ్య. యూనికోడ్‌లో తెలుగు కొట్టడానికి విండోస్‌లోనే కీబోర్డు ఉంది, ఎక్కడా దింపుకోనక్కర్లేదు. ఆ రాత్రి ఫాంటు కోసం డీటీపీ షాపు తలుపు తట్టాం.

పోయిన ఆరు రోజుల లెక్క మాత్రం కంప్యూటర్‌లో దొరకలేదు, కారీగర్ల జేబుల్లో దొరికింది. చాలామంది చిన్న పుస్తకాల్లో ఏ రోజు ఎన్ని మీటర్లో తామే రాసుకుంటారు. కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, ఒకాయన వట్టి గీతలతో. మేమిద్దరం షెడ్డు గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కరి పుస్తకం చూసి రాసుకున్నాం. సాంచాల చప్పుడులో మాట వినబడక వేళ్లతో అంకెలు చూపించుకున్నాం. ఒక పెద్దాయన దగ్గర మాత్రం పుస్తకం లేదు. ఆయన రాత నేర్చుకోలేదు. "మీ తమ్ముడు రాస్తున్నడు గదా బిడ్డా, నాకెందుకు అనుకున్న" అన్నాడు. చివరికి సేఠ్ ఆయన పాత సగటు చూసి ఒక అంకె వేశాడు. ఆయన సరేనన్నాడు. ఆ అంకె తక్కువో ఎక్కువో ఎవరికీ తెలియదు. ఆ ఆరు రోజుల్లో ఒక రోజు తాను రెండు పాళీలు చేశానని ఆయన వెళ్లేటప్పుడు మెల్లగా అన్నాడు. దాన్ని రుజువు చేసే కాగితం ఎక్కడా లేదు.

దీపావళి సెలవుల్లో సాంచాలు ఆగి వీధి నిశ్శబ్దంగా ఉండగా మేమిద్దరం మూడు సాయంత్రాలు కూర్చున్నాం. ఈసారి ఇంటర్నెట్ తెరవలేదు, కాగితం తెరిచాం. కంప్యూటర్‌లో ఏమేం వేసుకోవాలి అన్నది కాదు, ఈ కంప్యూటర్‌తో ఏమేం పనులున్నాయి అన్నది రాశాం. లెక్కలు, ఉత్తరాలు, తెలుగు పేర్లు, సేఠ్ పంపే జిప్ ఫైళ్లు తెరవడం, రాత్రి ఒక సినిమా. పని పక్కన, ఆ పనికి విండోస్‌లోనే ఏమైనా ఉందా అని రాసుకున్నాం. ఆశ్చర్యం, సగానికి సగం ఉన్నాయి. జిప్ ఫైలు దానంతటదే తెరుచుకుంటుంది. పనికిరాని తాత్కాలిక ఫైళ్లను ఊడ్చడానికి డిస్క్ క్లీనప్ అని చీపురు ఎప్పటినుంచో మూలనుంది. ఇంట్లో చీపురు పెట్టుకుని మనం వీధిలో చీపుళ్లు పంచేవాడి వెంట పడ్డామన్నమాట.

రెండో సాయంత్రం 'ఉచితం' అనే మాట మీదే గడిచింది. నాకు భాష పిచ్చి ఉంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, మన్నించండి. సంస్కృతంలో ఉచితమంటే తగినది. ఉచితానుచితాలు, సముచితం అన్న మాటల్లో ఆ అర్థమే ఉంది. వాడుక తెలుగులో ఉచితమంటే ఊరికే వచ్చేది. ఊరికే వచ్చేది తగినదవునా కాదా అని మాటే మనల్ని అడుగుతున్నట్టుంటుంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అనే మాటకు ఇంకో రకం చిక్కు. డబ్బు లేకపోవడానికీ స్వేచ్ఛకూ అదే మాట. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాక, తాను చెప్పే 'ఫ్రీ' ధర గురించి కాదనీ స్వేచ్ఛ గురించనీ వివరించుకుంటూనే ఉండవలసి వచ్చింది. మనకా బాధ లేదు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే దాని మూలం ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. తమ్ముడు మూలం చదవలేడు, నేనూ చదవలేను. అయినా చదవగలిగినవాళ్లు లోకంలో ఉన్నారు, వాళ్ల కళ్లముందు దొంగతనం దాచడం కష్టం. లెక్కల కోసం మేము ఎంచుకున్న లిబ్రే ఆఫీస్ ఈ రకమే. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి చీలి వచ్చింది. 1999లో ఇగోర్ పావ్లోవ్ విడుదల చేసిన సెవెన్ జిప్, పారిస్ దగ్గర ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలైన వీఎల్‌సీ కూడా ఈ జాతివే. రెండోది వట్టి ఉచితం. డబ్బు అడగరు, లోపల ఏముందో చూపించరు. మంచివీ ఉంటాయి, కాబట్టి చేసినవాడి పేరు మీద నడవాలి. మూడోది రుచి చూపించేది. విన్‌రార్ నలభై రోజుల పరీక్షకని వస్తుంది, నలభై రోజులు దాటినా గుర్తుచేస్తూ పనిచేస్తూనే ఉంటుంది. అందుకే అది ఉచితమని చాలామంది అనుకుంటారు. ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే అమెరికన్ తన పీసీ-టాక్ ప్రోగ్రామును, నచ్చితే 25 డాలర్లు పంపండి అంటూ పంచి, దానికి ఫ్రీవేర్ అని పేరు పెట్టాడు.

ఇంకా రెండు రకాలున్నాయి. ఒకటి, మాకు తగిలినది. దాని సరుకు ప్రోగ్రాము కాదు, మనమే. ప్రకటనలకూ భయపెట్టి డబ్బు లాగడానికీ మనల్ని అమ్ముతుంది. మరొకటి, బజారులో 'అన్నీ వేసి ఇస్తాం' అనేవాళ్లు వేసేది. డబ్బు పెట్టి కొనవలసినదాన్ని తాళం పగలగొట్టి ఊరికే ఇస్తారు. తాళం పగలగొట్టినవాడు ఇంకేం చేశాడో మనకు తెలియదు. తమ్ముడి కంప్యూటర్‌లో పాత ఆఫీసు అలాంటిదే. "అందరూ గదే వాడుతరక్కా" అన్నాడు. నిజమే, నేనూ కొన్నాళ్లు వాడాను.

ఇక వైరస్ నుంచి కాపలా. చాలా ఉచిత యాంటీవైరస్‌లు ఇంటి వాడకానికి మాత్రమే ఉచితమని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. సాంచాల షెడ్డు ఇల్లు కాదు. ఈ షరతు ఎవరూ చదవరు, నేనూ ఆ రోజే మొదటిసారి చదివాను. అప్పట్లో విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను పది కంప్యూటర్ల వరకు చిన్న వ్యాపారాలూ వాడుకోవచ్చు. అదే వేశాం. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ అనే కాపలా విండోస్‌లోనే ఉంటోంది కాబట్టి ఇప్పుడు మీకు ఆ వెతుకులాట కూడా అక్కర్లేదు. ఒక ఇంటికి ఇద్దరు కాపలాదారులను పెడితే వాళ్లిద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుంటారు. ఒకరు చాలు.

మూడో సాయంత్రం నేను మళ్లీ తప్పు చేయబోయాను. సీక్లీనర్ అనే ప్రోగ్రాము అప్పటికి బాగా పేరున్నది, ఉచితం. అది వేద్దామన్నాను. తమ్ముడు కాగితం వైపు చూసి, "అక్కా, ఇది లేకుంటె ఏ పని ఆగుతది?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. దాని పేరు కొట్టేశాడు. రెండేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరులో వార్త వచ్చింది: సీక్లీనర్ 5.33 రూపంలో, తయారుచేసినవారి సొంత సర్వర్ నుంచే, ఎవరో దొంగ ప్రోగ్రామును కలిపి పంపారు. సుమారు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు అది చేరింది. అసలైన చోటు నుంచి దింపుకున్నవాళ్లకు కూడా ఆ ముప్పు తప్పలేదు. తమ్ముడు ఆ రోజు ఫోన్ చేసి ఏమీ గొప్పలు చెప్పుకోలేదు. "చూసినవా అక్కా" అని మాత్రం అన్నాడు.

ఆ ప్రశ్న నేను ఇప్పటికీ వాడతాను. ఒక ప్రోగ్రాము కనిపించగానే, అది లేకుంటే ఏ పని ఆగుతుంది? ఏదీ ఆగకపోతే దాన్ని దింపుకోవడంలో మిగిలేది ముప్పే. రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనేవి, డ్రైవర్లు కొత్తవి చేస్తామనేవి, మెమరీని పెంచుతామనేవి ఈ పరీక్షలో దాదాపు అన్నీ పోతాయి. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. ఏదైనా పని నిజంగా ఆగుతుందనుకోండి, అప్పుడు రెండో ప్రశ్న: దీన్ని చేసినవాడికి తిండి ఎలా దొరుకుతోంది? విరాళాలతోనా, ఉద్యోగం చేస్తూ తీరిక వేళల్లోనా, పెద్ద సంస్థలు కొనే ఖరీదైన రూపంతోనా? జవాబు కనిపించకపోతే ఆ తిండి మన కంచంలోంచే పోతోందని అనుమానించాలి. ఉత్తపుణ్యానికి వస్తే నాకొకటి, మా అన్నకొకటి అనే అలవాటు కంప్యూటర్ దగ్గర పనికిరాదు.

దింపుకునే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, చేస్తే వస్తుంది. తయారీదారు సొంత స్థలం నుంచే దింపండి, వెతికితే మొదట కనిపించే ప్రకటన నుంచి కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'నెక్స్ట్' 'నెక్స్ట్' అని నొక్కుకుంటూ పోకుండా, ముందే టిక్కు పెట్టి ఉన్న గడులను చదవండి. అక్కడే టూల్‌బారులూ అదనపు యాంటీవైరస్‌లూ నక్కి ఉంటాయి. విండోస్ తెర మసకబారి అనుమతి అడిగినప్పుడు పబ్లిషర్ పేరు చూడండి. 'అన్‌నోన్' అని ఉంటే ఆగి ఆలోచించండి. అయితే సెవెన్ జిప్ వంటి మంచివాటికీ అక్కడ పేరు లేకుండా ఉండటం కద్దు. అందుకని అదొక్కటే కొలబద్ద కాదు.

ఎంత మంచివి ఎంచుకున్నా కింద విండోస్ పాతబడితే గోడ లేని ఇంటికి తాళం వేసినట్టే. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న ఆగింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. పాత యంత్రం విండోస్ 11కు సరిపోకపోతే లినక్స్ వేసుకుని చూడవచ్చు. లిబ్రే ఆఫీస్, వీఎల్‌సీ అక్కడా ఉంటాయి కాబట్టి చేయి అలవాటు పోదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో ఉన్న ఈ లాభం మాకు ఆ రోజు తెలియదు, తర్వాత కలిసివచ్చింది.

మూడో సాయంత్రం పని ముగించి లేస్తుంటే చిన్నాయన అటకవైపు చూపించాడు. 2006 ఆగస్టులో తాపీ వరద నగరాన్ని ముంచినప్పుడు ఆ షెడ్డులో పాత పద్దు పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయట. అప్పటినుంచి సేఠ్ కాగితం పద్దులన్నీ అటక మీదే పెట్టిస్తున్నాడు. "కాయిదాలు మీదికెక్కిచ్చిండు. కంప్యూటర్ మాత్రం కిందనే ఉంది" అన్నాడు చిన్నాయన. ఆ మాట మీద రెండు పెన్‌డ్రైవ్‌లు కొన్నాం. ఒకటి అటక మీద పద్దుల మధ్య, ఒకటి తమ్ముడి ఇంట్లో. ప్రతి శనివారం నకలు తీస్తాడు. దానికి ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు, ఫైలును లాగి వదిలితే చాలు.

ఆ మరుసటి ఏడాది వెళ్లినప్పుడు పెద్దాయన సాంచా దగ్గర గోడకు ఒక క్యాలెండరు కనిపించింది. తేదీ గడుల్లో బొగ్గుతో గీసిన నిలువు గీతలు, తాకాకు ఒకటి చొప్పున. రోజూ పాళీ దిగేముందు తమ్ముడు వచ్చి ఆ గీతలు చూసి తన లెక్కతో సరిపోల్చుకుని వెళ్తున్నాడు.